మూసేసిన అప్లికేషన్ గంట కొట్టగలదా?

కేలెండర్ అప్లికేషన్ రాసే ప్రతి వాడికీ ఎప్పుడో ఒకప్పుడు టెస్టర్ నుంచి ఓ ప్రశ్న వస్తుంది: "అప్లికేషన్ మూసేసినా రిమైండర్ వస్తుందా?" వినడానికి చిన్న ప్రశ్నే. దిగితేగానీ లోతు తెలీదు.

మూసేశామంటే ప్రాసెస్ లేదు. ప్రాసెస్ లేనిదే టైమర్ లేదు. నిద్రపోయేవాడు తనని తానే లేపుకోలేడు కదా, పక్కింటాయనకి చెప్పి పడుకోవాలి. ఇక్కడ పక్కింటాయన అంటే ఆపరేటింగ్ సిస్టమ్. తంటా అంతా ఎక్కడంటే, ఆయన ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం మనిషి.

కేలెండర్ ఫైళ్ళకి ప్రమాణమైతే ఉంది. 1998లో ఆర్ఎఫ్‌సీ 2445, దాని స్థానంలో 2009లో 5545. మీటింగుకి పావుగంట ముందు గుర్తుచెయ్యి అని అందులో చక్కగా రాసుకోవచ్చు. అప్లికేషన్ మూసి ఉంటే ఆ పని ఎవరు చెయ్యాలో మాత్రం అది చెప్పదు.

ఐఫోన్‌లో 2010 నుంచి, అంటే ఐఓఎస్ 4 నుంచి, టైమూ మెసేజీ ముందే సిస్టమ్‌కి అప్పజెప్పొచ్చు. మన కోడ్ ఒక్క లైను కూడా నడవక్కర్లేదు, అదే మోగిస్తుంది. కాకపోతే ఒక్కో అప్లికేషన్‌కి 64 మాత్రమే పెండింగ్‌లో ఉంచుకుంటుంది. విండోస్‌లోనూ 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఇలాంటి సదుపాయం ఉంది. కానీ ఆ సమయానికి కంప్యూటర్ ఆపేసి ఉండి, అయిదు నిమిషాలు దాటిందా, ఆ కబురు ఇక రాదు. లినక్స్‌లో ఎవల్యూషన్ వాళ్ళది నాకు నచ్చిన పద్ధతి: గంట కొట్టడానికే వేరే చిన్న ప్రోగ్రాం, కేలెండర్ మూసినా అది నడుస్తూనే ఉంటుంది.

ఇక ఆండ్రాయిడ్. ఇదో భారతం. అలారం మేనేజర్‌కి చెప్పుకుంటే ప్రాసెస్ పోయినా మోగిస్తుంది, నిజమే. ఫోన్ రీస్టార్ట్ చేస్తే అన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ మనమే పెట్టుకోవాలి. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది, మామూలు అలారాలు వెనక్కి జరిగాయి. 2021లో ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన టైముకి మోగాలంటే విడిగా పర్మిషన్. 2022లో 13 నుంచి నోటిఫికేషన్ చూపించడానికే పర్మిషన్. బ్యాటరీ కోసమేనంటారు, కాదనను. వీటన్నిటినీ దాటొచ్చాక, కొన్ని ఫోన్ కంపెనీల సొంత బ్యాటరీ సేవర్ కాచుకుని ఉంటుంది.

ఊళ్ళో మా నాన్నగారి ఫోన్ అలాంటిదే. ఆయనకేమో లిస్టులో కనబడ్డ అప్లికేషన్లన్నీ వేలితో తోసేసే అలవాటు. దాంతో బీపీ మాత్రల రిమైండర్ కూడా చచ్చిపోతుంది. రెండ్రోజులు మాత్రలు వేసుకోలేదని తెలిసి అడిగితే, "అది మోగలేదు కదరా, ఇవాళ్టికి లేదేమో అనుకున్నా" అన్నారు.

అసలు చిక్కు ఇదే. సర్వర్ పడిపోతే ఎర్రర్ కనిపిస్తుంది, ఎవరో ఒకరు తిడతారు. రాని రిమైండర్‌కి ఎర్రర్ మెసేజ్ ఉండదు. అందుకే నా వాదన ఒకటే: అప్లికేషన్ మళ్ళీ తెరిచినప్పుడు, మోగాల్సి ఉండి మోగనివి అన్నిటికంటే పైన చూపించాలి, అది కూడా టైముతో సహా. చాలా అప్లికేషన్లు ఏమీ ఎరగనట్టు రేపటి తారీకు చూపిస్తాయి.

ప్రస్తుతానికి నాన్నగారి మాత్రలు ఫోన్‌తో పాటు వచ్చిన గడియారంలోకి మార్చాను. బ్యాటరీ సేవర్ దాని జోలికి ఇంతవరకూ వెళ్ళలేదు.