ముక్కలుగానా? మొత్తంగానా?

పిల్లలూ! విజయవాడలో బెంజిసర్కిలు దాటి బందరు రోడ్డున తూర్పుగా పోతే పటమట వస్తుంది. ఆ ప్రక్కనే ఆటోనగరు వున్నది. కళ్లకు గంతలు కట్టి తీసుకుపోయినా సరే, అక్కడికి వచ్చామని మీకు తెలిసిపోతుంది. ఒక వీధిలో గ్రీజు వాసన, ఇంకొక వీధిలో కోసిన చెక్క వాసన, మరొక వీధిలో ముక్కు పగిలే థిన్నరు వాసన! వూళ్లో మోటార్లు బాగుచేసే షెడ్లు చాలావరకు ఒకచోట చేరి, 1960లలో ఏర్పడిన పేట అది. ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీలేని లారీ ఒక షెడ్డులోకి వెళుతుంది. కొన్నాళ్లకు తొట్టీ, క్యాబినూ, నెత్తిమీద పూలబొమ్మలతో సహా బయటికి వస్తుంది.

నేను అక్కడికి వెళ్లింది లారీ కోసం కాదు. మా నాన్నగారు 1973లో కొన్న అంబాసిడరు కారు కోసం. ఆయన గుడివాడ ప్రాంతంలో వైద్యం చేసేవారు. అర్ధరాత్రి ఎవరైనా వచ్చి పిలిస్తే ఆ కారులోనే బయలుదేరేవారు. అంబాసిడర్లు బెంగాలులోని ఉత్తరపారాలో తయారయ్యేవి. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. కనుక పాతదాన్ని కాపాడుకోవలసిందే తప్ప, కొత్తది కొనుక్కుందామంటే దొరకదు.

దానికి 2009లో ఒకసారి రంగు వేయించాను. ఆ షెడ్డువాళ్లు కారును విప్పలేదు. అద్దాలమీదా రబ్బర్లమీదా వార్తాపత్రికలు అంటించి, ఒక్క రోజులో రంగు కొట్టి ఇచ్చారు. నాకు మహా సంతోషం వేసింది. ఏడాది తిరిగేసరికి కిటికీ రబ్బరు వెంబడి రంగు అప్పడంలా పొంగింది. వేలితో నొక్కితే పెచ్చు వూడి వచ్చింది. రబ్బరు క్రింద వాననీళ్లు నిలుస్తాయి. అక్కడికి రంగు చేరలేదు. ఇనుమూ, నీళ్లూ, గాలీ కలిస్తే త్రుప్పు పుడుతుందని మీరు చదువుకున్నారుగదా? త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైనున్న రంగును ఎత్తివేస్తుంది. ఇంకొకసారి ఇలా జరిగితే అతుకు వెయ్యడానికి రేకే మిగలదు. పైగా మా అమ్మకు 87 ఏళ్లు. ఆ కారులో ఒక్కసారి మా వూరు వెళ్లి రావాలని ఆమె కోరిక.

ఈసారి వెళ్లిన షెడ్డు మేస్త్రీ నా దగ్గర ఎనిమిదవ తరగతి చదివినవాడే. లెక్కల్లో ఎప్పుడూ సున్నాలు తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఎన్ని పాళ్ల రంగుకు ఎన్ని పాళ్ల థిన్నరో నోటిలెక్కన చెబుతాడు! మా మనవరాలు కూడా నా వెంట వచ్చింది. దానికి పదేళ్లు. తలుపులు, బానెట్టు, డిక్కీమూత, ముందు మడ్‌గార్డులు అన్నీ విప్పి వరసగా పెట్టి వుండడం చూసి, "మేస్త్రీగారూ, ఇన్ని ముక్కలెందుకు చేశారు? అన్నీ బిగించి ఒకేసారి వేస్తే పని త్వరగా అయిపోతుందిగా?" అని అడిగింది.

మేస్త్రీ నవ్వి, టార్చిలైటు తెచ్చి దాని చేతికిచ్చాడు. "ఆ తలుపు అంచు వెనక్కు వెలుగు పడేటట్టు వెయ్యి, పాపా!" అన్నాడు. అది ముందు నిలబడి ఎంత ప్రయత్నించినా వెలుగు అంచు వెనక్కు పోలేదు. "గన్నులోంచి వచ్చే రంగు కూడా అంతే. మలుపు తిరగదు. తలుపు విప్పితే నాలుగు ప్రక్కలా తిరిగి వెయ్యవచ్చు," అన్నాడతను.

ఇంతలో మా అబ్బాయి ఫోను చేసి, వెండిరంగు వేయిస్తే బాగుంటుందన్నాడు. మేస్త్రీ వెంటనే తల అడ్డంగా తిప్పాడు.

"వెండిరంగయితే పైపూత విడివిడిగా వెయ్యను, మాస్టారూ!" అన్నాడు.

ఎందుకో చెబుతాను. మామూలు మీగడరంగు ఎటునుంచి చూసినా ఒకటే. వెండిరంగులో కంటికి ఆనని అల్యూమినియం పొలుసులు వుంటాయి. అవి చేపపొలుసుల్లా బల్లపరుపుగా పడుకుంటే ఒక మెరుపు, ఓరగా నిలబడితే ఇంకొక మెరుపు. గన్ను ఎంత దూరాన పట్టారు, గాలి ఎంత వదిలారు, పూత ఎంత తడిగా పడింది అన్నదాన్నిబట్టి పొలుసులు సర్దుకుంటాయి. తలుపును బల్లమీద పడుకోబెట్టి వేసి, మడ్‌గార్డును నిలబెట్టి వేస్తే, రెండూ ఒకే డబ్బాలోని రంగయినా ప్రక్కప్రక్కన పెట్టినప్పుడు కలవవు. అందువల్ల అలాంటి కారుకు ముందు అంచులూ, లోపలి భాగాలూ విడిగా వేసి, అన్నీ బిగించాక పైపూత మొత్తం ఒకేసారి వేస్తారు. పెద్ద కర్మాగారాలలో కూడా తలుపులు తగిలించిన బాడీకే రంగు వేస్తారు. తరవాత చాలాచోట్ల ఆ తలుపులు తీసి, లోపల సీట్లూ అవీ అమర్చి, ఏ కారు తలుపు ఆ కారుకే తిరిగి పెడతారు.

మేము మీగడరంగే వుంచాము. నాన్నగారి కారు రంగు అదే.

రంగు ముట్టుకోబోయే ముందు మేస్త్రీ ఒక వింత పని చేశాడు. విప్పినవన్నీ మళ్లీ బిగించాడు! ఎడమ తలుపు సందు పైన 6 మిల్లీమీటర్లు, క్రింద 3 మిల్లీమీటర్లు వున్నది. రెండు రోజులు కూర్చుని దాన్ని సరిచేశాడు. రంగు వేశాక సుత్తి పట్టుకుంటే పని పాడవుతుంది మరి. తరవాత మళ్లీ విప్పి, ప్రతి ముక్కకూ వెనక గుర్తు పెట్టి, బోల్టులు వేరువేరు డబ్బాలలో వేశాడు. తెచ్చిన రంగు డబ్బాలన్నీ ఒకే బకెట్టులో పోసి కలిపాడు. డబ్బాకూ డబ్బాకూ వుండే కొద్దిపాటి తేడా అలా పోతుంది. ఒక సీసాడు రంగు తీసి దాచాడు.

మూడు రోజులు వాన పట్టింది. గాలిలో తేమ ఎక్కువగా వుంటే పూతకు మంచిది కాదని పని ఆపేశాడు. నేనూ మాట్లాడకుండా వూరుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం వూరుకోలేదు. రంగులో కలిపే గట్టిపరచే మందులో ఐసోసయనేటు అనే పదార్థం వుంటుంది. ఆ తుంపర పీల్చితే వూపిరితిత్తులు దెబ్బతింటాయి. అతని శిష్యుడు మూతికి చేతిరుమాలు కట్టుకుని గన్ను పట్టుకున్నాడు. "ఆ గుడ్డ దుమ్మునే సరిగా ఆపదు, విషాన్ని ఆపుతుందా?" అని గట్టిగానే అడిగాను. సరైన మాస్కు తెప్పించిన తరవాతే గన్ను ఆడింది.

రంగు దివ్యంగా వచ్చింది. నాలుగు రోజులు ఆరనిచ్చి బిగించడం మొదలుపెట్టారు. చివరి మడ్‌గార్డు బిగిస్తూండగా శిష్యుడి చేతిలోని స్పానరు జారింది. జానెడు పొడుగున గీత! షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆ కుర్రవాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. నాకూ గుండె గుభేలుమన్నది.

మేస్త్రీ అతన్ని ఏమీ అనలేదు. "విడిగా వేస్తే వచ్చే కష్టం ఇదే, మాస్టారూ. బిగించేటప్పుడు ఎక్కడో ఒకచోట తగులుతుంది," అన్నాడు. మడ్‌గార్డు విప్పించి, గీతను నీళ్లకాగితంతో రుద్దించి, దాచిన సీసాలోని రంగుతో ఆ ఒక్క ముక్కకూ మళ్లీ పూత వేయించాడు. గన్ను మాత్రం ఆ కుర్రవాడి చేతికే ఇచ్చాడు.

కారు ఇంటికి వచ్చిన నాడు అమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఇది కాదురా. మీ నాన్న కారు కాస్త పసుపుగా వుండేది," అన్నది. నాకు ప్రాణం వుసూరుమన్నది. డాష్‌బోర్డు క్రింద ఎండ తగలనిచోట మిగిలిన అసలు రంగును చూసే మేస్త్రీ ఇది కలిపాడు. అమ్మకు గుర్తున్నది ఎన్నో ఏళ్లు ఎండకు మాగిన రంగు. ఆ సంగతి చెప్పాను.

"అయితే కొన్నప్పుడు ఇలా వుండేదన్నమాట," అని ముందు సీటులో కూర్చున్నది. తలుపు మొదటిసారి పడలేదు. కొత్త రబ్బరు కదూ! రెండోసారి గట్టిగా లాగితే పడింది. గుడివాడ దారిన బయలుదేరాము.