మొదటి రోజు పాలు



ఆవు ఈనిన యింటినుండి ఇరుగుపొరుగు వారికి జున్నుపాలు పంచుట మన పల్లెలలో మంచి మర్యాద. అయితే ఆ పాలు ముందుగా ఎవరివో నీవెన్నడైనను ఆలోచించితివా?

మనుష్యుల బిడ్డ తల్లి గర్భమందే కొంత రోగనిరోధక శక్తిని పొంది పుట్టును. దూడకు ఆ భాగ్యము లేదు. ఆవు మాయగుండ ఆ శక్తి దూడకు చేరదు. అది మొదట పితికిన చిక్కని పసుపుపచ్చ పాలలో యుండును. దానిని రక్తములోనికి తీసికొను ద్వారము దూడ ప్రేవులలో కొద్ది గంటలే తెరచియుండును. 6 గంటలు దాటిన కొలది అది మూసికొనుచు వచ్చును. 24 గంటలు గడచిన పిమ్మట అవే పాలు ఆకలి తీర్చునుగాని ఆ కాపుదలను రక్తమునకు అందింపలేవు.

2021 జనవరి చలిలో, గుండ్లకమ్మ దాపున మా యింటి ఒంగోలు ఆవు నెల ముందుగానే ఈనెను. పెయ్యదూడ 15 కిలోలైనను లేదు. లేచి నిలువలేదు, పొదుగు అందుకొనలేదు. తల్లి పొదుగు కూడ ఇంకను నిండలేదు. పితుకగా వచ్చినవి లీటరు పాలు మాత్రమే. అంతలో పొరుగింటి పెద్దమ్మ గిన్నెతో వచ్చి, "అయ్యగారూ, బ్రతకని దూడకు పోసి జున్నుపాలు పాడుచేసికొందురా?" అనెను. ఆమె మాట కఠినమైనది కాదు. అట్టి దూడలు చచ్చుట ఆమె అనేక పర్యాయములు చూచినది. "పెద్దమ్మా, రేపటి పాలలో నీ వాటా ఉన్నది. ఈ రాత్రి పాలు దీనివి" అంటిని.

పశువైద్యుడు చెప్పినట్లు బొడ్డుకు అయొడిన్ పూసి, దూడను గోనెపట్టాతో తుడిచి, ఎండుగడ్డి పరచి పడుకోబెట్టితిమి. పాలను గోరువెచ్చగా సీసాలో పోసి పాలపీక తగిలించితిమి. గొట్టముతో గొంతులో పోయవలదని ఆయన గట్టిగా చెప్పెను. దూడ తానుగా చప్పరించినప్పుడు పాలు మొదటి పొట్టను తప్పించుకొని నాలుగవ పొట్టకు సరిగా చేరును. బలవంతముగా పోసినచో ఊపిరితిత్తులలో పడి ప్రాణము తీయవచ్చును. కావున దాని మెడను కొంచెము ఎత్తి పట్టుకొని, పీకను నాలుకకు తాకించి కాచుకొంటిమి. మొదట నాలుగు గుక్కలు, విడుపు, మరల రెండు గుక్కలు. నా భార్యయు నేనును వంతులు వేసికొని మూడు గంటల కొకసారి అట్లే పట్టితిమి. రెండవనాటి సాయంకాలము పెద్దమ్మ మరల వచ్చెను. ఈసారి ఆమె చేతిలో గిన్నె లేదు, పాత దుప్పటి యుండెను. అయిదవనాడు దూడ వణకుచు నాలుగు కాళ్లమీద నిలిచెను. నెల తిరుగునప్పటికి తల్లి వెంబడి నడచెను.

చదువరీ, మేలు చేయుటకు మనకు మనస్సు లేకపోలేదు. తీరిక దొరకనిమ్మని వాయిదా వేయుదుము. పరీక్ష రుసుము గడువు దాటిన మరునాడు ఇచ్చిన రూపాయి రూపాయే, గాని ఆ పిల్లవాని సంవత్సరము పోయినది. ఇచ్చువాని తీరికను బట్టి గాక, పుచ్చుకొనువాని గడియను బట్టి మేలు కొలువబడును. నీ యెరుకలో నేడు ఎవని ద్వారము మూసికొనుచున్నదో చూడుము. వానికి ఈయవలసినది ఈ రాత్రియే యిమ్ము.