తాళం చేతికిచ్చే ముందు

కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న బిడ్డకు ఎలాంటి కారు కొనాలన్న ప్రశ్న నేడు మన మధ్యతరగతి కుటుంబాలలో తరచుగా వినబడుతోంది. కొత్త కారు కొనే స్తోమత అందరికీ ఉండదు. పాత కారు కొనడం చిన్నతనమూ కాదు. అయితే రంగు, సీటు కవర్లు, పాటల పెట్టె చూసి బేరం కుదుర్చుకునేవారే ఎక్కువ. బండి ఎవరి చేతి నుండి వస్తోంది, దాని కాగితాలు ఏమి చెబుతున్నాయి, ప్రమాదం జరిగితే లోపలి ప్రాణానికి ఏది అడ్డు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలూ వెనుకబడిపోతాయి. మా అమ్మాయి కోసం నాలుగు నెలలు కారు వెదికిన సందర్భంలో మేము గ్రహించిన విషయాలు ఇతర కుటుంబాలకు ఉపకరిస్తాయన్న ఆశతో ఈ మాటలు వ్రాస్తున్నాము.

మేము కరీంనగర్ వాసులము. అమ్మాయి చొప్పదండి వైపున్న ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలు. ఆమె రోజూ స్కూటీపై వెళ్ళే దారిలో గ్రానైట్ బండలు మోసే లారీలు తిరుగుతుంటాయి. వాన రోజుల్లో ఆమె ఇల్లు చేరేదాకా మా ప్రాణాలు గుమ్మంలోనే ఉండేవి. ఎల్.ఎల్.ఆర్. తీసుకుని, నిబంధన ప్రకారం 30 రోజులు గడిచాక పరీక్షకు వెళ్ళి ఆమె లైసెన్సు సంపాదించింది. ఇక కారు వెదకడం మా వంతు అయింది. మా చేతిలో ఉన్నది 2 లక్షల 40 వేల రూపాయలు.

మొదటి సలహా ఇంటి పెద్దల నుండి వచ్చింది. మారుతి 800 తీసుకుంటే సగం డబ్బు మిగులుతుందన్నారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ కారు ఎన్నో కుటుంబాలకు తొలి కారు అయిన మాట వాస్తవమే. కాని దాని ఉత్పత్తి 2014 జనవరిలోనే ఆగిపోయింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆపై తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. అన్నింటికీ మించి, అందులో ఎయిర్‌బ్యాగ్ లేదు. మన దేశంలో 2019 జూలై 1 తరువాత తయారైన ప్రతి కారుకూ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. చక్రాలు బిగుసుకుని బండి జారిపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. బ్రేకు కూడా ఆ ఏడాదే తప్పనిసరి అయింది. చేయి తిరగని డ్రైవర్‌కు వీటి అవసరం ఇంకా ఎక్కువ. అందుకే 2019 జూలైకి ముందు తయారైన కారు వద్దని నిశ్చయించుకున్నాము.

అమ్మాయి మామూ ఆదిలాబాద్‌లో ఉంటారు. అక్కడ ఒక బండి చవకగా ఉందని ఆయన కబురు చేస్తే వెళ్ళి చూశాము. కారు నిగనిగలాడుతోంది. మా దగ్గరున్న డబ్బుకు సరిపోతుంది కూడా. కాని అది మహారాష్ట్ర నెంబరు బండి. సరిహద్దు జిల్లా గనుక అక్కడ అటువంటి బండ్లు అమ్మకానికి రావడం వింత కాదు. అయితే అక్కడి రవాణా కార్యాలయం నుండి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నెంబరు మార్పించుకోవాలి. ఈ ఖర్చులన్నీ కలిపితే చవకదనం చాలావరకు కరిగిపోతుంది. పైగా అమ్ముతున్న వ్యక్తి ఆర్.సి.లో ఉన్న యజమాని కాడు. యజమాని సంతకాలు మాత్రమే ఉన్న ఖాళీ 29, 30 ఫారాలు చూపి, “పేరు తరువాత మార్చుకోవచ్చు సాబ్, అందరూ ఇలాగే నడుపుతారు” అన్నాడు. మేము సలాం చెప్పి వెనుదిరిగాము.

“కాగితాలదేముంది?” అనుకునేవారు ఒక్క విషయం గమనించాలి. ప్రమాదం జరిగిన నాటికి రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉందో, నష్టపరిహారం విషయంలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే బండి అమ్మేసి పేరు మార్పించనివాడు, తాను చూడనైనా చూడని ప్రమాదానికి బాధ్యుడవుతాడు. ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలపాలి. బీమాను 14 రోజులలో కొత్త యజమాని పేరిట మార్పించుకోవాలి. బండిపై ఫైనాన్స్ ఉంటే 35వ ఫారంతో దానిని తొలగించాలి.

చివరకు కరీంనగర్‌లోనే ఒక రిటైర్డు ఉద్యోగి వద్ద 2019 చివరలో తయారైన ఆల్టో దొరికింది. ధర 3 లక్షల 5 వేలు. మేము వివరాలు అడగకముందే ఆయన ఎడమ తలుపు చూపి, అది గోడకు ఒరుసుకుంటే మళ్ళీ రంగు వేయించానని, క్లచ్ ప్లేటు త్వరలో మార్చాల్సి వస్తుందని చెప్పారు. మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగిలినప్పుడు, జనం చూసేలా దానిని పైనే ఎందుకు ఉంచలేదని మహాప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి ప్రశ్నించిన సంఘటన మాకు గుర్తుకు వచ్చింది. ఈ పెద్దాయన తడి ధాన్యాన్ని పైనే ఉంచారు.

అమ్మేవారిపై నమ్మకం కుదిరినా పరిశీలన మానలేదు. ఉదయమే వెళ్ళి, ఇంజను చల్లగా ఉండగా మొదటిసారి స్టార్టు చేయించాము. ఛాసిస్ నెంబరును ఆర్.సి.తో సరిచూశాము. టైరుపై చివరి నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి, అవీ చూశాము. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో వెదికాము. 2022 జూలైలో గోదావరి వరద మంచిర్యాల వీధుల్లోకి వచ్చిన సంగతి మరువరాదు. నీట మునిగిన బండి పైకి మెరుస్తూనే ఉంటుంది. మీటరు తక్కువ చూపుతూ పెడళ్ళ రబ్బరు అరిగిపోయి ఉంటే అనుమానించాలి. మా మెకానిక్ కూడా చూసి సరేనన్నాడు.

ఇక 65 వేలు తక్కువపడ్డాయి. వడ్డీపై సులభంగా అప్పు ఇప్పిస్తామన్నవారు ఇద్దరు వచ్చారు. బిడ్డ క్షేమం కోరి కొనే వస్తువులో వడ్డీ కలపడానికి మా మనసు ఒప్పలేదు. పెద్దాయన రెండు నెలల గడువిచ్చారు. అమ్మాయి తన జీతంలో 15 వేలు మిగిల్చింది. మామూ 50 వేలు ఖర్జె హసనగా ఇచ్చారు. “మన మధ్య కాగితమెందుకు ఆపా?” అని ఆయన అన్నా, పది నెలల్లో తీర్చేలా ఇద్దరు సాక్షుల ముందు పత్రం వ్రాసుకున్నాము. అప్పును వ్రాసుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయతులో అల్లాహ్ ఆదేశించినది పరాయివారికి మాత్రమే కాదు కదా!

పేరు మారి ఆర్.సి. చేతికి వచ్చాకే అమ్మాయికి తాళం ఇచ్చాము. మొదటి నెల ఫజ్ర్ నమాజు తరువాత, రద్దీ లేని వేళ, మాలో ఒకరు పక్కన కూర్చోగా నడిపింది. చీకటి పడ్డాక, జోరువానలో నడపడానికి ఇంకా అనుమతి లేదు. నానీ ఇంటికి ఆదిలాబాద్ వెళ్ళేటప్పుడు నిర్మల్ దాటాక వచ్చే ఘాటు రోడ్డుపై ఇప్పటికీ స్టీరింగ్ వాళ్ళ అబ్బా చేతిలోనే ఉంటుంది. అందుకు ఆమె అలుగుతుంది. మేము నవ్వి ఊరుకుంటాము.

చిన్న కారు, ఎడమ తలుపు రంగు కాస్త వేరు. అయినా అందులో మాకు తెలియని లోపం లేదు, వడ్డీ రూపాయి లేదు, మరొకరి పేరు లేదు. కారు కొనదలచిన సోదర సోదరీమణులు ధర అడిగే ముందు ఆర్.సి. అడగాలని, లోపం దాచేవాని చవక బండి కన్నా లోపం చెప్పేవాని బండికి పది వేలు ఎక్కువైనా ఇవ్వాలని మా మనవి. అల్లాహ్ మన బిడ్డలందరినీ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.