బోల్టు ఊడని తుపాకి

అమెరికాలో దిగిన మర్నాడే ఎవరైనా తుపాకి కొనేసుకోవచ్చని అచ్యుతాపురంలో గట్టి నమ్మకం. సినిమాలు అలా నేర్పాయి. నిజానికి హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొన్నా, దగ్గర పెట్టుకున్నా అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. వేట లైసెన్సు ఉన్నవాళ్లకూ మరికొందరికీ మాత్రం మినహాయింపు. అందుకే పెన్సిల్వేనియాలో కాపురముంటున్న మన అచ్యుతాపురం ఇంజినీరు గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఆ ఊసే ఎత్తలేదు. వచ్చాక దుకాణానికి వెళ్లి, ఫారం 4473 నింపి, వాళ్ల తనిఖీలేవో పూర్తయ్యాక పాత మార్లిన్ మోడల్ 60 ఒకటి ఇంటికి తెచ్చాడు. “కత్తిపీటకే పదును పెట్టించే దిక్కు లేదు, ఇప్పుడిదొకటా!” అంది ఇల్లాలు.

మార్లిన్ 60 అక్కడ సామాన్యుడి తుపాకి. 1960లో మొదలుపెట్టి 2020 దాకా చేశారు. కోటీ పది లక్షలకు పైగానే తయారయ్యాయి. పేల్చేది .22 లాంగ్ రైఫిల్ తూటా. బ్యారెల్ లోపలి వ్యాసం సుమారు 5.6 మిల్లీమీటర్లు. బ్యారెల్ కింద ఇంకో సన్నటి గొట్టం, అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా బోల్టు తనంతట తానే వెనక్కి పోయి, ఖాళీ తొడుగును పక్కకి విసిరేసి, కొత్త తూటాను తోసుకుంటూ ముందుకొస్తుంది. పని సుఖంగానే చేస్తుంది. తుడిచేటప్పుడే ఉంది తంటా.

అనకాపల్లి కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు మనవాడి చేతికిచ్చిన .22 రైఫిలు వేరు. పిడి పైకెత్తి లాగితే బోల్టు మొత్తం ఊడి చేతిలోకి వచ్చేది. వెనక కన్ను పెడితే ఆ కొస వెలుతురు కనిపించేది. ఉస్తాద్ పుల్‌త్రూ అందించేవాడు. అదొక తాడు, ఒక కొసన ఇత్తడి బరువు, రెండో వైపు చిందీ గుడ్డ దూర్చడానికి ఉచ్చులు. తుడిచే గుడ్డ నాలుగంగుళాలకు రెండు, నూనె గుడ్డ అంతకంటే కాస్త సన్నం. కొలత తప్పితే గ్రౌండు చుట్టూ పరుగే.

మార్లిన్‌లో ఆ వీలు లేదు. వెనకవైపు ఇనుప గోడలా మూసేసి ఉంటుంది. బోల్టు తీయాలంటే కర్ర భాగానికున్న స్క్రూలు విప్పాలి, ట్రిగ్గర్ పెట్టెను పట్టి ఉంచే పిన్నులు నెట్టాలి, బోల్టును కొంచెం వెనక్కి జరిపి దాని పిడిని పక్కకి పీకాలి. లోపలున్న స్ప్రింగు పొడవైనది, వెంట్రుకలా నాజూకైనది. ఎగిరి సోఫా కిందికి పోయినా పోతుంది, మెలి తిరిగినా తిరుగుతుంది. ఇంత యాతన పడ్డా వెనక గోడ అక్కడే ఉంటుంది కాబట్టి శుభ్రం చేసే రాడ్డు నేరుగా లోపలికి పోదు. 1964లో వచ్చిన రూగర్ 10/22 కథా ఇదే. రాడ్డు పట్టేంత బెజ్జం వెనకవైపు డ్రిల్లుతో వేయించుకునే యజమానులు అమెరికాలో బోలెడంతమంది. డబ్బు పెట్టి కొన్న వస్తువుకి బెజ్జం వేయడానికి మన తెలుగు ప్రాణం ఒప్పుకుంటుందా?

ఆదివారం వీడియో కాల్‌లో మావయ్యకి ఈ సంగతి చెప్పాడు మనవాడు. మావయ్య ఆర్మ్‌డ్ రిజర్వులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు, .303తోనే సగం సర్వీసు గడిచింది.

“ఏటల్లుడూ, బోల్టూడదా? మరి మూతిలోంచి రాడ్డెట్టి పొడుస్తావేటి?”

“అందరూ అలాగే చేస్తారంట మావయ్యా.”

“అందరూ సేత్తే సెయ్యనీ. మూతి అరిగిపోతే ఇంక దానికి గురేటుంటాది? తాడెట్టి లాగు.”

మావయ్య మాటలో భౌతికశాస్త్రం ఉంది. తూటా బ్యారెల్‌ను వదిలే ఆఖరి క్షణంలో, వెనకనుంచి తోసే వాయువు దాని అడుగు చుట్టూ సమానంగా బయటపడాలి. మూతి అంచు ఒక పక్క అరిగితే వాయువు అటునుంచే ముందు తప్పించుకుని తూటాను పక్కకి నెడుతుంది. మూడు ముక్కలు బిగించుకునే అల్యూమినియం రాడ్డు వంగుతుంది, మెత్తని లోహం కాబట్టి ఇసుక రేణువులు దానికి అంటుకుంటాయి, కీళ్ల దగ్గర అంచులు గీసుకుంటాయి. ఆకురాయి పెట్టి రుద్దినట్టే. దీనికి సాక్ష్యం ఎమ్1 గారండ్. 1936లో అమెరికా సైన్యం తీసుకున్న ఈ రైఫిల్‌కీ వెనకవైపు మూసేసి ఉంటుంది కాబట్టి సైనికులు మూతిలోంచే తుడిచారు. ఆనాటి తూటాలు తుప్పు పట్టించే రకం, తుడవక తప్పదు. తూటాలకంటే రాడ్డు వల్లే మూతులు అరిగిపోయిన గారండ్‌లు ఇవాళ్టికీ సేకర్తలకు ఎదురవుతుంటాయి.

తాడు మాత్రం పరమ సాధువేమీ కాదు. వంకరగా లాగితే మట్టి అంటిన తాడే ఇనుమును కోసేస్తుంది. బ్రిటిష్ సైన్యంలో ఈ అరుగుదలను కార్డ్ వేర్ అనేవారు. బ్యారెల్‌కు సూటిగా, ఒక్క ఊపున లాగమని ఎన్‌సీసీ ఉస్తాద్ అరిచింది ఇందుకే. ఇదే సూత్రాన్ని పట్టుకుని 1985లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓటిస్ అనే కంపెనీ పుట్టింది. పెట్టిన డోరీన్ గారెట్ అప్పటికి పదహారేళ్ల పిల్ల. వేటకెళ్లి బురదలో జారిపడితే రైఫిల్‌లోకి మట్టి దూరిందట. జేబులో పట్టే, వెనకనుంచి ముందుకి లాగే తీగ ఉంటే బాగుండునని అప్పుడే అనుకుందట.

మనవాడు డబ్బులేమీ పెట్టలేదు. గడ్డి కోసే యంత్రానికి వాడే లావుపాటి నైలాన్ దారం గరాజ్‌లో ఉంది. పూడిమడక రేవులో వలల దగ్గర పెరిగినవాడికి నైలాన్ కొత్తా? బ్యారెల్ కంటే బాగా పొడవుగా కత్తిరించి, ఒక కొసను లైటర్ మంటకు చూపించి, కరిగిన బొట్టును బల్లకు అద్ది చిన్న గొడుగులా చేశాడు. రెండో కొసను కత్తితో వాలుగా చెక్కి, చదరపు గుడ్డముక్క మధ్యలోంచి గుచ్చి గొడుగు దాకా జరిపాడు.

అంతకుముందే తుపాకి ఖాళీ చేశాడు. ఇక్కడ హడావుడి పనికిరాదు. కింది గొట్టం లోపలి కడ్డీ బయటికి తీసి తూటాలు దులిపేసినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు; తూటా పేలే గదికి, అంటే చాంబర్‌కి, ఎక్కించే మెట్టు మీద ఒకటి దాక్కుని ఉండొచ్చు. బోల్టును పదే పదే లాగి, వెనక్కి నిలిపి, టార్చి వేసి చూసి, చిటికెన వేలితో తడిమి, అప్పుడు బల్ల మీద పెట్టాడు. తూటాల పెట్టె వేరే గదిలో.

దారం చెక్కిన కొసను, ఖాళీ తొడుగు బయటపడే పక్క కిటికీలోంచి చాంబర్‌లోకి దూరిస్తే మూతిలోంచి బయటికొచ్చింది. గుడ్డకు హాపీస్ నంబర్ 9 రెండు చుక్కలు. 1903 నాటి మందు, ఆ వాసనంటే అమెరికా తాతలకు ప్రాణం. సూటిగా లాగితే మొదటి గుడ్డ బొగ్గులా వచ్చింది, తర్వాతవి బూడిద రంగు, ఆపై తెలుపు. చివర్లో నూనె ఒక్క చుక్క.

రాడ్డే గతి అయితే ఒకే ముక్కగా ఉన్నది తీసుకుని, మూతికి ఇత్తడి తొడుగు పెట్టి, తుపాకిని తలకిందులుగా పడుకోబెట్టాలి. లేకపోతే కరిగిన మురికంతా యంత్రంలోకి కారుతుంది.

మావయ్యతో ఒక్కచోట మాత్రం మనవాడికి పేచీ. పేల్చిన ప్రతిసారీ సలసల కాగే నీళ్లు పోయాలంటాడు ఆయన. పాత .303 తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలేది ఉప్పు లాంటి పదార్థం, గాల్లో తేమను లాగి ఇనుమును తింటుంది. దాన్ని నూనె కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. విశాఖ సముద్రపు గాలిలో ఆ జాగ్రత్త సబబే. ఇప్పటి .22 తూటాల్లో ఆ ఉప్పు లేదు. మెత్తని సీసం, దాని మీద మైనంలాంటి పూత. బ్యారెల్‌లో మిగిలేది ఎక్కువగా ఆ పూతే. కాబట్టి బ్యారెల్‌ను రోజూ తోమడం శుద్ధ చాదస్తం. మురికి అసలు పేరుకునేది బోల్టు ముఖం మీద, తొడుగును పట్టి లాగే కొక్కెం కింద. పాత టూత్‌బ్రష్, చెవిపుల్లలు చాలు. నూనె మాత్రం ధారగా పోయకండి, దుమ్ము చేరి జిగురవుతుంది.

ఇలాంటిది కొత్తగా కొన్న తెలుగువాళ్లకు ఒక్క మాట. రాడ్డు మానేసి తాడు కొనండి. పిల్లలున్న ఇంట్లో తుపాకి ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో పెట్టండి. తుడవడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే పకోడీల ప్లేటు ముట్టుకోండి. ఆ నల్లటి మసిలో సీసం ఉంటుంది.