ఇల్లు విడిచి వెళ్లిన బాగ్దాతిస్



మా తమ్ముడు ఈ ఏడాది మన స్కూల్లో అయిదో తరగతిలో చేరాడు. పగలంతా బాగానే ఉంటాడు. రాత్రి లైట్లు తీసేశాక దుప్పటి ముసుగేసుకుని ఏడుస్తాడు. దసరా సెలవుల తర్వాత ఇది మరీ ఎక్కువైంది. "అన్నా, నన్ను ఇంటికి పంపెయ్, అయ్యతో మేకలు కాసుకుంటాను" అంటాడు. అయిదో తరగతిలో నేనూ అలాగే ఏడ్చాను కాబట్టి వాణ్ని తిట్టలేకపోయాను. మా పి.ఇ.టి. సారుకు చెప్పాను. ఆయన మా ఇద్దర్నీ గ్రౌండులో కూర్చోబెట్టి ఒక టెన్నిస్ ఆటగాడి గురించి చెప్పారు.

అతని పేరు మార్కోస్ బాగ్దాతిస్. దేశం సైప్రస్. మధ్యధరా సముద్రంలో ఒక దీవి. తర్వాత నేను లైబ్రరీలో అట్లాసు తీసి చూస్తే అది నా చిటికెనవేలి గోరు కింద దాగిపోయింది. దాని విస్తీర్ణం 9,251 చదరపు కిలోమీటర్లు, అంటే పాత విశాఖపట్నం జిల్లా కంటే చిన్నది. అక్కడ లిమసోల్ అనే ఊళ్లో 1985లో అతను పుట్టాడు. 14 ఏళ్ల వయసులో ఒలింపిక్ స్కాలర్‌షిప్ వస్తే ఇల్లు విడిచి పారిస్‌లోని టెన్నిస్ అకాడమీకి వెళ్లాడు.

"అతను కూడా ఏడ్చాడా సార్?" అన్నాడు తమ్ముడు.

"ఏడవకుండా ఎలా ఉంటాడురా?" అన్నారు సారు.

2003లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర టైటిల్ గెలిచాడు. 2006లో అదే చోట పెద్దవాళ్ల పోటీలో దిగాడు. అప్పటికి అతని ర్యాంకు 54. గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. కానీ రెండో సీడ్ రాడిక్‌ను ఓడించాడు. సెమీఫైనల్లో నల్బాండియన్ మీద మొదటి రెండు సెట్లు పోయినా, మిగతా మూడూ గెలిచాడు. ఫైనల్లో ఫెదరర్ మీద మొదటి సెట్ 7-5తో కొట్టాడు. తర్వాత మూడు సెట్లూ పోయాయి. మూడో సెట్లో ఒక్క గేమూ రాలేదు.

"ఓడిపోయాడా?" అని మావాడి ముఖం వాడిపోయింది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

సారు ఆపలేదు. ఆ ఏడాదే వింబుల్డన్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. ఆగస్టులో ప్రపంచంలో 8వ ర్యాంకుకు చేరాడు. తర్వాత దెబ్బలు తగిలి వెనకబడ్డాడు. అయినా 2010లో, నంబర్ వన్‌గా ఉన్నప్పుడే ఫెదరర్‌ను ఒకసారి, నాదల్‌ను ఒకసారి ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ కప్పు మాత్రం రాలేదు. 2012లో కోపం ఆపుకోలేక కోర్టులోనే నాలుగు రాకెట్లు విరగ్గొట్టాడు. అందులో రెండింటికి ఇంకా కవరు కూడా విప్పలేదు! "ఇది మాత్రం నేర్చుకోకండి. మనకున్నవి రెండే షటిల్ బ్యాట్లు" అన్నారు సారు. అందరం నవ్వాం.

2019లో వింబుల్డన్‌లో ఆఖరి ఆట ఆడాడు. అదీ ఓడిపోయాడు. వెళ్తూ వెళ్తూ తన రాకెట్లు, సామాను ప్రేక్షకులకు పంచేశాడట.

తమ్ముడు చాలాసేపు ఆలోచించి, "మరి వాళ్ల దేశానికి మళ్లీ వెళ్లాడా?" అని అడిగాడు.

"వాళ్ల దేశం జట్టులోనే డేవిస్ కప్ ఆడాడు. సింగిల్స్‌లో వరసగా 36 ఆటలు గెలిచాడు. అది రికార్డు. ఇల్లు విడిచి వెళ్లినవాడు ఇంటిని మర్చిపోయినట్టు కాదురా" అన్నారు సారు.

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. నేను తొమ్మిదో తరగతికి వచ్చినా, మా ఊరి బస్సు కనబడితే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అది తప్పు కాదని ఆ రోజే తెలిసింది.

ఆ రాత్రి కూడా తమ్ముడు ఏడ్చాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ పొద్దున్న "పంపెయ్" అనలేదు. "సంక్రాంతికి ఇంకా ఎన్ని రోజులుంది అన్నా?" అన్నాడు. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం.

పెద్ద తరగతుల అన్నలారా! మీ పక్కన చిన్నవాళ్లు ఎవరైనా రాత్రి ఏడుస్తుంటే వెక్కిరించకండి. కాసేపు వాళ్ల దగ్గర కూర్చోండి. ఏం చెప్పాలో తోచకపోతే ఈ బాగ్దాతిస్ కథ చెప్పండి.