తులమునకు గ్రాములెన్ని?

లెక్కలతోడి ఋణము బడితోడనే తీఱినదని మనలోఁ బెక్కండ్రు తలఁతురు. మేమును అట్లే తలఁచితిమి. గడచిన యేఁట మా తల్లిగారి బంగారము పంచుకొనవలసి వచ్చిన దినమున ఆ ఋణము వడ్డితోఁగూడ వచ్చి మా వాకిట నిలిచినది.

మేము మువ్వురము అక్కచెల్లెండ్రము. 1949లోఁ దన పెండ్లికిఁ బెట్టిన నగల పట్టికను అమ్మ స్వహస్తముతో వ్రాసి పెట్టెలో దాఁచినది. కాసులపేరు, వంకీలు, నానుతాడు, అన్నియుఁ గలిసి 12 తులములు. తరువాతి కాలమున వానిని కరఁగించి గాజులును గొలుసులును చేయించినది. ఇప్పుడు అంగడిలోఁ దూఁపింపఁగా 137.6 గ్రాములు తూఁగినవి. "దాదాపు పదునాలుగు తులములమ్మా" అనెను గుమాస్తా.

అమ్మ వ్రాసినది పండ్రెండు. తక్కిన రెండు ఎక్కడివి? "అవి నావే. కరఁగించునపుడు నా రెండు తులముల గొలుసును గూడ అమ్మచేతి కిచ్చితిని" అని చిన్న చెల్లెలు పలికినది. అక్క ముఖము ముడుచుకొన్నది. చెల్లెలికి మున్ముందుగా 20 గ్రాములు తీసి యిచ్చినచో మిగిలినది తలకు 39.2 గ్రాములే, లేనిచో 45.87. ఆ రాత్రి మా యింట నెవ్వరును సరిగా భుజింపలేదు.

మఱునాఁడు అక్క మనుమరాలు కాగితము తీసికొని కూర్చున్నది. పాత తులము 180 గ్రెయినులు, అనఁగా 11.664 గ్రాములు; బ్రిటిషువారి నాటి వెండిరూపాయి తూనిక యదియే. 1956 నాటి చట్టముతో మెట్రిక్ పద్ధతి వచ్చిన పిమ్మట తులము చట్టమునుండి తొలఁగినది గాని జనుల నోటినుండి తొలఁగలేదు. పెక్కు అంగళ్లలో నేఁడది 10 గ్రాములకు సర్దుకొని బ్రతుకుచున్నది.

మేము తొందరపడి 137.6ను 11.664తో గుణించితిమి. 1605 తులములు వచ్చినవి! పిల్ల పకపక నవ్వినది. "అమ్మమ్మా, అంకెప్రక్కన ప్రమాణమును గూడ వ్రాయుము. పైన 1 తులము, క్రింద 11.664 గ్రాములు పెట్టుము. రెండును ఒకే తూనిక గనుక ఆ భిన్నము విలువ ఒకటి. ఏ సంఖ్యనైనను ఒకటితో గుణించిన మాఱదు గదా" అన్నది. వాస్తవ సంఖ్యల గుణకార తత్సమ ధర్మమని బడిలో వల్లించిన దిదియే! గ్రాములు గ్రాములతోఁ గొట్టివేయఁబడి తులములు నిలిచినవి: 11.8. పండ్రెండునకుఁ దక్కువైన రెండు గ్రాముల చిల్లర కరఁగించినపుడు పోయిన తరుగు.

అక్కకు మఱియొక సందేహము. ముందు పంచి పిదప గ్రాములు చేయవలెనా, గ్రాములు చేసి పంచవలెనా? పట్టికలోని 12ను మూఁట భాగించి 11.664తో గుణించినను, ముందు గుణించి పిదప భాగించినను 46.656 గ్రాములే వచ్చినవి. భాగించుట యనఁగా మూఁడవ వంతుతో గుణించుటయే. గుణకారమున వరుస మార్చినను లబ్ధము మాఱదు. 137.6ను 11.664తో భాగించుటకు బదులు తలక్రిందులు చేసినచో మాత్రము మాఱును. ఆ భేదము మాకు డెబ్బదియేండ్లు దాఁటినపిదపఁ దెలిసినది.

బంగారము సమముగాఁ బంచుకొంటిమి. చెల్లెలు నాలుగు దినములు మాటలాడలేదు. అయిదవనాఁడు ఫోను చేసి, ఆ గొలుసు తన కూఁతురి పెండ్లిలో గాజులకుఁ బోయినదేమో యని తనకే యనుమానముగా నున్నదనినది. ఆ గాజులను ఇంకను తూఁపింపలేదు.