'ధ' కింద గీత

భూపాలపల్లి కేటీకే బావుల్లో పనిచేసి రిటైరైన బాపు ఇప్పుడు జనగామలో మా దగ్గరే ఉంటాడు. తన నోటుబుక్కును పెద్దక్షరాల్లో ప్రింటు తీసిమ్మన్నాడు. చూపు తగ్గింది. అందులో బావిలోనే పోయిన దోస్తు పేరుంది, ఆ పేరులో 'ధ' ఉంది.

ఎండాకాలమంతా ముట్టని ఇంక్‌జెట్. మొదటి పేజీ నిండా అడ్డంగా తెల్లచారలు. తెలుగుకు ఇది మామూలు నష్టం కాదు. కింద చిన్నగీత ఎగిరిపోతే 'ధ' కాస్తా 'ద'.

ప్రింట్‌హెడ్ రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం. వాడకపోతే ఇంకులో తడి ఆరి, రంగు అక్కడే గడ్డకడుతుంది. "క్లీనింగ్ కొట్టుకుంటనే ఉండు" అంది ఫోన్లో అక్క, మానుకోట నుంచి. (మహబూబాబాద్ అని ఇంట్లో ఎవరంటారు!) నేనొప్పుకోను. క్లీనింగంటే మంచి ఇంకును పీల్చి లోపలి స్పాంజిలో పారబోయడమే. రెండుసార్లు చేసి నాజిల్ చెక్ తీశాను. నల్లగీతల్లో ఇంకా ఖాళీలే. రాత్రంతా వదిలేశాను, లోపలికొచ్చిన కొత్త ఇంకుకు ఎండిన గడ్డ నానాలి కదా. పొద్దున మూడో క్లీనింగుకు గీతలన్నీ నిండాయి.

42 పేజీలు. బాపు అన్నీ తిప్పేసి ఒక్క పేరు దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తీసి, కాగితం ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మంచిగనే పడ్డది."